ఆ ‘ఒక్కొక్కటిగా చేసిన’ ఉక్కు ములుకులు కొనకండి

మిత్రులారా, కోపంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదవండి. కర్ర బాణాలు సొంతంగా చేసుకునేవాళ్లలో అతని పేజీ చూడనివాళ్లు ఉండరు. బాణం కొనకు తొడిగే ఉక్కు ములుకులు, లేత్ మీద ఒక్కొక్కటిగా చేసినవి అంటూ వేణునాదం కలిపి వీడియోలు పెట్టే మహానుభావుడే. పేరు రాయను. వేణునాదం అన్నానుగా, మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది.

సంగతి క్లుప్తంగా ఇది. బాణాల కాడలు నావే. 11/32 అంగుళాల పైన్ కర్ర, పోగు నిలువుగా ఉన్నవాటిని ఏరుకుని, చిత్రిక పట్టి, వార్నిష్ వేసి, ఈకలు అంటించి సిద్ధం చేసుకున్నాను. ములికి వైపు కొన సన్నబడేలా 5 డిగ్రీల వాలు, నాక్ (వింటినారి ఇమిడే వెనక గాడి ముక్క) వైపు 11 డిగ్రీలు, అందరూ పాటించే కొలతలే. ములికి లోపలి రంధ్రానికీ అదే 5 డిగ్రీల వాలు ఉండాలి. 125 గ్రెయిన్ల బరువున్న ములుకులు రెండు డజన్లు అడిగాను. ముందుగా నమూనాకు రెండు పంపాడు. అవి నిజంగా బాగున్నాయి. కాడ కొన మీద ఉంచి కాస్త తిప్పితే, జిగురు చుక్క లేకుండానే పట్టుకుని నిలబడ్డాయి. మురిసిపోయి మొత్తం డబ్బు ముందే పంపించాను. పెద్ద గొప్ప వ్యాపార బుద్ధి! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలన్న సామెత నాలాంటివాళ్లను చూసే పుట్టి ఉంటుంది.

పార్సిల్ వచ్చింది. పైకి తళతళలాడుతున్నాయి. తెలిసిన కంసాలి కాటా మీద తూచాను. 125 గ్రెయిన్లంటే 8.1 గ్రాములు ఉండాలి. కొన్ని 7.1, కొన్ని 9.1. అంటే ఒకే పొదిలోని బాణాల మధ్య దాదాపు 30 గ్రెయిన్ల తేడా. బాణం ముందు కొన బరువు పెరిగిన కొద్దీ విడిచినప్పుడు కాడ ఎక్కువగా వంగుతుంది, బాణం దారి మారుతుంది. సరే, బరువుల ప్రకారం విడదీసి వాడుకుందామని సరిపెట్టుకున్నాను. లోపల నల్లటి మిషను నూనె. అది ఉంటే ఏ జిగురూ అంటదు. పుల్లకు దూది చుట్టి థిన్నరుతో తుడిచాను, దూది తెల్లగా వచ్చేదాకా తుడిచాను. తర్వాత పటకారుతో ములికిని పట్టుకుని మంట మీద వేడి చేసి (కర్రను కాదు, కర్ర మాడితే దాని పని అయిపోయినట్టే), కొనకు వేడి జిగురు పట్టించి, తిప్పుతూ నొక్కి, నీళ్లలో ముంచాను. పనిలో లోపం లేదని చెప్పడానికే ఇంత రాస్తున్నాను. ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

మర్నాడు తెల్లవారగానే, ఎండ రాకముందే, వరిగడ్డి మోపు మీద బాణాలు వేశాను. బాణం లాగితే కాడ ఒక్కటే చేతికి వచ్చింది. ములికి గడ్డిలోనే ఉండిపోయింది. ఇంకోటి, అదే తంతు. ఊడి వచ్చిన కొనను వెలుతురులో పెట్టి చూశాను. వాలు మొత్తం మీద రాపిడి గుర్తు ఉండాలి కదా, కింద అంచు దగ్గర మాత్రం చుట్టూ ఒక సన్నటి మెరిసే గీత ఉంది. మిగతా కర్ర లోహాన్ని తాకనే లేదు. మరో కాడకు ఆ గీత దగ్గర నుంచి వెనక్కి వేలెడంత వెంట్రుకవాసి చీలిక. దాన్ని గమనించకుండా మళ్లీ ఎక్కుపెట్టి ఉంటే? చీలిన కాడ వింటి నుంచి వెలువడేటప్పుడే విరిగి, విల్లు పట్టిన చేతిలోకి దిగుతుంది. పక్కనే మా మేనల్లుడు తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. ఆ బాణం వాడి చేతికి ఇవ్వబోతూ ఆగాను.

అనుమానం తీరక బళ్లారి చౌరస్తా దగ్గర నాకు తెలిసిన లేత్ షాపుకు వెళ్లి ఒక ములికిని నిలువునా కోయించాను. లోపల వాలు లేదు. నేరుగా డ్రిల్లు దింపేసిన గొట్టం, అడుగు చదును, డ్రిల్లు గీతలు కూడా అలాగే ఉన్నాయి. వాలు కొనను నేరు రంధ్రంలో పెడితే మూతి అంచు మాత్రమే కర్రను పట్టుకుంటుంది, మిగిలిన సందులో జిగురు ఉండ కడుతుంది. బాణం తగిలిన ప్రతిసారీ ఆ ఉక్కు అంచు వెనక్కి తోసుకొచ్చి కర్రను చీలుస్తుంది. లేత్ మేస్త్రీ నమూనా ములికిని కూడా చూసి, “ఈ రెండూ ఒకరి చేతి పని కాదు సార్” అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మిన ఆయనకు ఫోను చేశాను. మర్యాదగానే మాట్లాడాను, కోసిన ముక్క, చీలిన కాడ ఫొటోలు పంపించాను. చూశాడు, చూసినట్టు గుర్తు కూడా పడింది. ఆయన సమాధానం, “మీది కర్నూలు కదా సార్, మీ ఎండకు జిగురు కరిగిపోయింది.”

తెల్లవారుజామున వేశానని చెప్పాను. నేరు రంధ్రం సంగతేమిటని అడిగాను. నవ్వాడు. నవ్వి, “జిగురు ఎక్కువ పోయండి, సర్దుకుంటుంది. అయినా ఈ కాలంలో కర్ర బాణాలెందుకు సార్, కార్బన్ కొనుక్కోండి. చేతకాని పని మీద వేసుకుని మమ్మల్ని అంటే ఎలా?” అన్నాడు. కర్ర బాణాల ములుకులు అమ్ముకుని బతికే మనిషి అన్న మాట ఇది! ప్రపంచ ఆర్చరీ సంఘం నియమాల్లో లాంగ్‌బో (పొడవాటి సాదా విల్లు) విభాగానికి ఈ రోజుకీ కర్ర కాడే ఉండాలి. మన పక్కనే నల్లమలలో చెంచులు తరతరాలుగా విల్లంబులు పట్టినవాళ్లు. వాళ్లకూ కార్బన్ అమ్మమనండి చూద్దాం. నమూనా ఒకటి, సరుకు ఒకటి ఎందుకు పంపావని అడిగేసరికి ఫోను పెట్టేశాడు. ఇప్పుడు నా నంబరుకు అతని పేజీయే కనిపించడం లేదు. కర్నూలు ఎండకు అది కూడా కరిగిపోయినట్టుంది.

డబ్బు పోయింది, అది నా ఖర్మ. మంట పుట్టిస్తున్నది ఆ నవ్వు. చీలిక ఉన్న కాడ ఫొటో చూశాక కూడా నవ్వాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను, రసీదులూ కోసిన ముక్కా దాచి ఉంచాను.

అతని దగ్గర ఆర్డరు పెట్టినవాళ్లు ఉంటే ఈ రోజే రద్దు చేసుకోండి. సరుకు వచ్చేసిన వాళ్లు నమూనాను కాక డబ్బాలోంచి ఏదో ఒకటి తీసి కోయించి చూడండి. అంత ఓపిక లేకపోతే కొనకు పెన్సిలు పొడి రాసి, ములికిని పెట్టి తిప్పి తీయండి. కర్ర అంతటా రాపిడి పడితే వాలు ఉన్నట్టు, అంచు దగ్గరే పడితే నా సరుకే మీకూ వచ్చినట్టు. ఇప్పటికే అంటించేసి ఉంటే, వేసే ముందు ప్రతి కాడనూ కొద్దిగా వంచి, చెవి దగ్గర పెట్టుకుని చిటపట వినండి. వినిపించిన దాన్ని విరిచి పారేయండి. నావి విరిచేశాను.