నాలుగు వైర్ల దగ్గరే అసలు పని: కార్బురేటర్ కారుకు యూనివర్సల్ ఇంజెక్షన్ హార్నెస్

కార్బురేటర్ పీకేసి ఇంజెక్షన్ పెట్టుకునేవాళ్ల కోసం అమ్మే యూనివర్సల్ హార్నెస్ (వైర్ల కట్ట) కిట్ ఇది, నాలుగు సిలిండర్ల ఇంజన్‌కి. ఒక కొసన ఈసీయూ (ఇంజెక్షన్‌ని నడిపే కంప్యూటర్) ప్లగ్గు, రెండో కొసన ఇంజెక్టర్ల, సెన్సర్ల కనెక్టర్లు, మధ్యలో రిలేలూ (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చులు) ఫ్యూజులూ ఉన్న చిన్న డబ్బా. ‘నాలుగు వైర్లు కలిపితే చాలు’ అని కిట్ కాగితంలో రాసుంటుంది. అబద్ధమేమీ కాదు. కాకపోతే పాత కారులో గొడవంతా ఆ నాలుగింటి దగ్గరే: బ్యాటరీ ప్లస్, ఎర్త్, ఇగ్నిషన్, పంపు.

ముందు ఇంజన్ వైపు చూద్దాం, ఇక్కడ వంక పెట్టడానికి పెద్దగా ఏం లేదు. వైరు 125 డిగ్రీలు తట్టుకునే క్రాస్‌లింక్డ్ రకం. మామూలు పీవీసీ వైరు సైలెన్సర్ మానిఫోల్డ్ పక్కన కొన్నాళ్లకే పెళుసెక్కి పగులుతుంది, ఇది పగలదు. పిన్నులకు టంకం పెట్టలేదు, క్రింప్ చేశారు. రెండు రెక్కలు రాగిని, ఇంకో రెండు ఇన్సులేషన్‌ని పట్టుకుంటాయి. టంకం పెడితే సీసం వైరు లోపలికి పాకి అక్కడ పుల్లలా బిగుసుకుపోతుంది, ఇంజన్ అదురుకి సరిగ్గా ఆ అంచులోనే తెగుతుంది. ఇంజన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సర్ వైర్లు పురి పెట్టి, పైన షీల్డు కప్పి ఇచ్చారు. షీల్డుని ఈసీయూ కొసన మాత్రమే ఎర్త్ చేశారు. అదే సరైన పద్ధతి.

ఆక్సిజన్ సెన్సర్ లీడు మాత్రం పొట్టి. బాష్ ఎల్ఎస్‌యూ 4.9 వాడుతుంటే ప్లగ్గు కోసేసి వైరు పెంచొద్దు, ఆ సెన్సర్ కొలతను సరిచేసే రెసిస్టర్ ఆ ప్లగ్గులోనే ఉంటుంది. పొడుగు చాలకపోతే రెడీమేడ్ ఎక్స్‌టెన్షన్ కొనాల్సిందే.

ఇక ఇగ్నిషన్ వైరు. చాలామంది స్పార్క్ పుట్టించే కాయిల్ ప్లస్‌కి తగిలించేస్తారు, దగ్గర్లో కనిపిస్తుంది కాబట్టి. పాయింట్లున్న (కాయిల్ కరెంటుని కలిపి తెంచే స్విచ్చు) చాలా పాత కార్లలో కాయిల్‌కి ముందు వోల్టేజీ తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ ఉంటుంది, కొన్నింట్లో రెసిస్టర్ బదులు రెసిస్టెన్స్ వైరే ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు అక్కడికి వచ్చేది 6 నుంచి 9 వోల్టులే. పైగా మీటరు మోసం చేస్తుంది. పాయింట్లు తెరుచుకుని ఉంటే కరెంటు పారదు, కాబట్టి 12 వోల్టులూ చూపిస్తుంది. అందుకే కాయిల్ వైరు విప్పి, 21 వాట్ల ఇండికేటర్ బల్బుని ఆ వైరుకీ ఎర్త్‌కీ మధ్య పెట్టి కొలవండి. బ్యాటరీ దగ్గరకంటే ఓ రెండు వోల్టులు తక్కువ చూపిస్తే అది బ్యాలస్ట్ వైరే, వదిలేయండి. రేడియో లైను కూడా పనికిరాదు, సెల్ఫ్ కొట్టినప్పుడు అది ఆగిపోతుంది, ఈసీయూ కూడా దాంతోపాటే నిద్రపోతుంది. కీ ఆన్‌లోనూ, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడూ బ్యాటరీ దగ్గర ఎంత ఉందో దాదాపు అంతే చూపించే వైరు వెతకాలి. ఈ కిట్‌లో ఆ వైరు రిలేని లేపడానికే, 0.2 ఆంపియర్ కూడా లాగదు. ఆ డిజైన్ బాగుంది.

రంగు చూసి మాత్రం మోసపోవద్దు. లూకాస్ వైరింగ్ ఉన్న బ్రిటిష్ కార్లలో బ్రౌన్ అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే లైను, తెలుపు ఇగ్నిషన్, నలుపు ఎర్త్. జర్మన్ కార్లలో బ్రౌనే ఎర్త్! అక్కడ రంగు కంటే టెర్మినల్ నంబరు నయం: 30 నేరు లైను, 15 ఇగ్నిషన్, 31 ఎర్త్, 50 సెల్ఫ్.

కీ తీసేసినా ఇంజన్ ఆగట్లేదంటే ఈసీయూని తిట్టకండి. ఆల్టర్నేటర్ నుంచి ఛార్జింగ్ లైటు గుండా కరెంటు వెనక్కి వచ్చి రిలేని పట్టి ఉంచుతుంది. ఆ లైటు వైరులో ఒక ఆంపియర్ డయోడ్, గీత ఆల్టర్నేటర్ వైపు ఉండేలా వేస్తే సరి. కిట్‌లో డయోడ్ లేదు, కాగితంలో దాని ప్రస్తావనా లేదు.

నా మార్కులు ఎక్కువగా తగ్గింది పంపు వైరు దగ్గర. ఇచ్చింది 1 చదరపు మిల్లీమీటర్. డిక్కీ దాకా 4 మీటర్లు, ఎర్త్ కూడా అదే సైజులో వెనక్కి తెస్తే మొత్తం 8. మీటరుకి 0.0175 ఓమ్ చొప్పున 8 ఆంపియర్లకి 1.1 వోల్టు దారిలోనే పోతుంది. ఐడ్లింగ్‌లో తెలియదు, ఎక్కుడులో ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ప్రెషర్ పడిపోయి బండి జర్కులు కొడుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ వైరుతో ఆ నష్టం 0.45కి దిగుతుంది. 15 ఆంపియర్ల ఫ్యూజు వేయండి. పంపు రిలేని ఈసీయూ చేతిలోనే ఉంచాలి. కీ తిప్పగానే రెండు సెకన్లో ఎంతో పంపుని తిప్పి, ఇంజన్ తిరగకపోతే ఆపేస్తుంది. దాన్ని దాటేసి పంపుని ఇగ్నిషన్‌కి నేరుగా కలిపితే, గుద్దుకుని పైపు తెగినా పంపు పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది.

ఎర్త్ విషయంలో పాత బాడీని నమ్మొద్దు, తుప్పూ రంగూ అడ్డం. ఇంజన్ కూర్చునేదేమో రబ్బరు మౌంటింగుల మీద. ఈసీయూ పవర్ ఎర్త్‌లన్నీ సిలిండర్ హెడ్ మీద, గీకి మెరిపించిన ఒకే బోల్టుకి తేవాలి. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ మైనస్‌కీ హెడ్‌కీ మధ్య కొలవండి, 0.3 వోల్టు దాటితే ఎర్త్ పట్టీ కొత్తది వేయాలి. సెన్సర్ ఎర్త్ వేరు. అది ఈసీయూ పిన్నుకే వెళ్లాలి, బాడీని తాకకూడదు. పరీక్ష సులువే: లాప్‌టాప్‌లో థ్రాటిల్ సెన్సర్ వోల్టేజీ చూస్తూ హెడ్‌లైట్లు, ఫ్యాన్ వేయండి. కాలు పెట్టకుండానే 0.60 కాస్తా 0.66 అయిందంటే రెండు ఎర్త్‌లూ ఎక్కడో కలిశాయి.

ఈసీయూ తగిలించేముందు ఇంకొక్క పని. మెయిన్ ఫ్యూజు తీసి ఆ స్థానంలో అదే 21 వాట్ల బల్బు పెట్టండి. ఈసీయూ ప్లగ్గు, ఇంజెక్టర్లు, పంపు విప్పి ఉంచి కీ ఆన్ చేస్తే బల్బు వెలగకూడదు. నిండుగా వెలిగితే ఎక్కడో షార్ట్ ఉంది, ఫ్యూజులు కాల్చుకోకుండా వైరు కదుపుతూ వెతుక్కోవచ్చు. తర్వాత ఒక్కో ఇంజెక్టర్‌కి ఓమ్స్ చూడండి. 12 నుంచి 16 వస్తే హై ఇంపీడెన్స్ (ఎక్కువ నిరోధం) రకం, ఈ హార్నెస్ దానికే. 2, 3 ఓమ్‌ల పాత రకం నేరుగా కలిపితే ఈసీయూ డ్రైవర్లు కాలిపోతాయి.

డైనమో కారయితే ముందు ఆల్టర్నేటర్ మార్చుకోండి, ఐడ్లింగ్‌లో డైనమో ఇచ్చే కరెంటు ఈ లోడు మోయలేదు. పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపిన) కారయితే నెగటివ్‌కి మార్చేదాకా కిట్ కవరు విప్పొద్దు. పాత ఆర్‌పీఎం మీటరు కాయిల్ మైనస్ చూసి నడిచేది. కాయిల్ ఈసీయూ చేతికి వెళ్తే దానికి అడాప్టర్ కావాలి.

రిలే డబ్బాలోకి నీళ్లు దిగుతాయి. నోరు కిందికి ఉండేలా బిగించి, వైరు కాస్త కిందికి వేలాడాక పైకి ఎక్కేలా మలిస్తే చుక్క అక్కడే రాలిపోతుంది. కిట్‌తోపాటు విడిగా తెచ్చుకోవాల్సినవి: పంపుకి 2.5 వైరు లైనుకి 5 మీటర్లు, ఎర్త్‌కి ఇంకో 5, ఒక ఎర్త్ పట్టీ, డయోడ్, ఫైర్‌వాల్‌కి (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకు) రబ్బరు గ్రోమెట్, జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం), విడి పిన్నులు ఓ పది. అయిదుకి మూడున్నర.