పాత మిస్సోని టై: అందానికి ఐదు, ముడికి మూడు

మిలాన్‌లో నవిల్యో గ్రాండే కాలువ గట్టున నెలలో చివరి ఆదివారం పాత వస్తువుల సంత జరుగుతుంది. ఇటలీ అల్లిక దుస్తుల సంస్థ మిస్సోని చేసిన ఈ టై అక్కడ 25 యూరోలకు దొరికింది. అమ్మే పెద్దాయన ముందు 30 అన్నాడు, పట్టు అని కూడా అన్నాడు. వేలికి గరగరలాడే పట్టు ఎక్కడైనా ఉంటుందా? వెనక చీటీ మీద ఉన్ని అని ఉన్నది చూపిస్తే నవ్వేసి ఐదు తగ్గించాడు.

ఇటుక ఎరుపు, ముదురాకుపచ్చ, ఆవపిండి పసుపు, వాటి నడుమ సన్నగా వంకాయ రంగు. నాలుగూ మెలికలు తిరుగుతూ కిందికి దిగుతాయి. ఇది అద్దకం కాదు. సన్నకొస దగ్గర కుట్టును వేలితో విడదీసి చూస్తే లోపల కూడా అవే రంగులు, అవే మెలికలు. పోచంపల్లి ఇక్కత్ చూసి పెరిగిన కంటికి ఇది దాని చుట్టమే అనిపిస్తుంది కానీ, పని వేరు. ఇక్కత్‌లో నేతకు ముందే, పోగులకు రంగు వేసేటప్పుడే నమూనా ఖాయమవుతుంది. ఇక్కడ రాషెల్ అనే అల్లిక యంత్రం మీద నిలువు పోగులను కుడికీ ఎడమకూ జరుపుతూ అల్లుతారు. ఆ జరుగుడే మెలిక. శాలువాలు అల్లే ఈ యంత్రాన్ని ఫ్యాషన్‌కు తిప్పుకున్న ఘనత మిస్సోని దంపతులదే. 1953లో మిలాన్ దగ్గరి గల్లరాతేలో చిన్న అల్లిక కార్ఖానాతో మొదలుపెట్టారు. భర్త ఒత్తావియో 1948 లండన్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్ పరుగెత్తినవాడు. ఆ పోటీల్లో ఇటలీ జట్టు వేసుకున్న ఉన్ని ట్రాక్‌సూట్లు కూడా ఆయన అంతకు ముందు నడిపిన కార్ఖానావే.

ఇక వాడకం. వెడల్పు కొస దగ్గర ఒక పోగు లేచి ఉంది, పాత యజమాని గడియారానికి తగులుకుని ఉంటుంది. ఈ రకం అల్లిక ఒక పోగు లేచినంత మాత్రాన జారిపోదు కాబట్టి సూదితో లోపలికి లాగేశాను. ముడి మాత్రం లావుగా వస్తుంది. ఒంటి చుట్టు ముడి చాలు. అంతకు మించితే గడ్డం కింద నిమ్మకాయ కట్టుకున్నట్టే. గీతల చొక్కా మీద వద్దు, తెల్లదో లేత నీలమో వేసుకోండి. కొక్కేనికి తగిలిస్తే సాగుతుంది, చుట్టి సొరుగులో పెట్టుకోవాలి.

25 యూరోలకు మళ్లీ దొరికితే ఇంకోటి కొంటాను. హైదరాబాద్‌లో మే నెల పెళ్లికి మాత్రం పట్టుకెళ్లను.