మన్సబ్‌దారు జీతం: జాగీరా, నగదా?

మొఘల్ కొలువులో మన్సబ్‌దారు, అంటే హోదా పొందిన ఉద్యోగి, హోదాకు రెండు అంకెలు: సొంత జీతానికి జాత్, పోషించాల్సిన గుర్రపు దళానికి సవార్. ఆ జీతం రెండు దారుల్లో ముట్టేది: నగదుగా, లేదా జాగీరుగా, అంటే ఒక ప్రాంతపు పన్ను వసూలు చేసుకునే హక్కుగా.

రాబడి: నగదైతే నేరుగా ఖజానా నుంచే. జాగీరులో కాగితం మీది అంచనా రాబడి (జమా) వేరు, చేతికొచ్చే అసలు వసూలు (హాసిల్) వేరు. ఆరు నెలల జీతమే రాలే జాగీరును షాజహాన్ కాలంలో శశ్‌మాహాగా (ఆరు నెలలదిగా) లెక్కగట్టి, దళం బాధ్యతనూ ఆ మేరకు తగ్గించేవారు.

శ్రమ: జాగీరుకు వసూలు సిబ్బంది ఖర్చు అదనం.

ముప్పు: జాగీరు 3, 4 ఏళ్లకే మరొకరికి బదిలీ. మరి చెరువు బాగుచేయించే ఓపిక ఎవరికుంటుంది? ఉన్నన్నాళ్లూ రైతును పిండడమే! 1687లో గోల్కొండ పడ్డాక దక్కనీ అమీర్లూ (ప్రభువులూ) మొఘల్ కొలువులో చేరడంతో జాగీర్ల కొరత ముదిరింది.

పలుకుబడి, వసూలు బలగం ఉన్న పెద్ద అమీరుకు జాగీరే లాభం. చిన్న మన్సబ్‌దారుకు నగదే నయం.