కుక్క మెడలో క్యూఆర్ బిళ్ల: 5కి 2 స్టార్లు

మా రాజుగాడు దేశవాళీ కుక్క. పొద్దున ఏడింటికి గేటు సందులోంచి దూరి బయటపడతాడు, గుంటూరు బ్రాడీపేట నాలుగో లైన్లో టీ బండి దగ్గర బన్ను ముక్క తింటాడు, ఎవరిదో అరుగు మీద కాసేపు పడుకుని తొమ్మిదిలోపు ఇంటికొచ్చేస్తాడు. లైన్లో అందరికీ తెలుసు, హాస్టళ్ళలో కొత్తగా దిగిన పిల్లలకి తప్ప. మొన్న వేసవిలో ఇద్దరమ్మాయిలు మెడలో బెల్టు చూసి, అయ్యో ఎవరిదో తప్పిపోయిందని ఆటో ఎక్కించి లక్ష్మీపురం తీసుకెళ్ళి, షాంపూతో స్నానం చేయించి పెరుగన్నం పెట్టారట. వాళ్ళ వాట్సాప్ స్టేటస్ చేతులు మారి మా పాలబ్బాయి ఫోన్లోకి వచ్చేసరికి రాత్రి పదయింది. తిడదామంటే నోరు రాలేదు, పాపం అంత బాగా చూసుకున్నారు.

మైక్రోచిప్ సంగతి డాక్టర్‌గారిని అడిగాను. బియ్యపు గింజంత ఉంటుంది, చర్మం కింద పెడతారు, 15 అంకెల నంబరు. కానీ అది చదవాలంటే స్కానర్ ఉండాలి, పైగా కుక్క ఎక్కడుందో అది చెప్పదు. ఆటోలో ఎక్కించుకునేవాళ్ళ దగ్గర స్కానర్ ఎక్కడిది? అందుకని ఆన్‌లైన్లో 399 పెట్టి ఈ బిళ్ల తెప్పించాను.

ఫోన్‌తో స్కాన్ బానే అవుతుంది, నా నంబరూ కనిపిస్తుంది. కానీ పేజీ తెరవగానే పైన ఎర్రగా, పెద్దక్షరాలతో "నేను తప్పిపోయాను, దయచేసి ఇంటికి చేర్చండి" అని వస్తుంది, దాన్ని మార్చే వీల్లేదు! అరుగు మీద నిద్రపోతున్న వాణ్ణి ఇదే ఎత్తుకెళ్ళమంటోంది. తయారుచేసినవాళ్ళకి కుక్క బయట కనబడిందంటే తప్పిపోయినట్టే కాబోలు. రెండు నెలలకి కోడ్ కూడా అరిగిపోయింది, గోడకి మెడ రుద్దుకోవడం వాడికి అలవాటు.

చివరికి పట్నంబజార్లో స్టీలు సామాన్ల కొట్లో, గిన్నెల మీద పేర్లు కొట్టే ఆయన దగ్గరికెళ్ళాను. ఎవరి పేరు మీదండీ అనడిగితే రాజు అన్నా. స్టీలు బిళ్ల మీద "తప్పిపోలేదు, తిరగడానికొచ్చాడు" అని, కింద నా నంబరు కొట్టించాను. అక్షరాలు కాస్త వంకరే గానీ చేత్తో తడిమినా తెలుస్తాయి. ఇప్పుడు ఫోన్లు వస్తున్నాయి, మీవాడు ఇక్కడున్నాడండీ, వదిలేయమంటారా అని. శంకర్ విలాస్ సెంటర్ దాకా వెళ్ళాడని ఒకాయన చెప్పినప్పుడు మాత్రం గుండె జారింది, ఆ ట్రాఫిక్‌లో వాణ్ణి వదలడం నా తప్పే, గేటు సందుకి మెష్ కొట్టించాలి.

రెండు స్టార్లు బిళ్లతో వచ్చిన రింగుకి. స్టీలు బిళ్ల దానికే వేలాడుతోంది.