ముగింపు ఒక్కటే చూడాలా, తొలి కథతో కలిపి చూడాలా?

ఒక అంతరిక్ష నౌక సిబ్బంది కథలు చెప్పే అమెరికన్ టీవీ ధారావాహిక 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' చివరి కథ 'ఆల్ గుడ్ థింగ్స్' 1994 మేలో ప్రసారమైంది. దాన్ని మళ్లీ చూడాలనిపించిన ప్రతిసారీ నా ముందు రెండు దారులుంటాయి: ఆ కథను విడిగా చూడటం, లేదా 1987 నాటి తొలి కథ 'ఎన్‌కౌంటర్ ఎట్ ఫార్‌పాయింట్' ముందు చూసి దీనికి రావడం.

విడిగా చూస్తే ఉత్కంఠ చెదరదు. ద్రాక్షతోటలోని వృద్ధుడిగా, నౌకలో తొలిసారి అడుగుపెడుతున్న కెప్టెన్‌గా పికార్డ్ కాలాల మధ్య జారిపోతుంటే ఆ అయోమయం మనకూ అంటుకుంటుంది. ఒక సాయంత్రంలో పని పూర్తవుతుంది.

కలిపి చూడటానికి ఓపిక కావాలి, ఎందుకంటే తొలి కథ నడక మందకొడిగా ఉంటుంది. అయినా నేను దానివైపే మొగ్గుతాను. తొలి కథలో మానవజాతిని బోనెక్కించిన అతీతశక్తులున్న జీవి క్యూ, ఏడేళ్ల క్రితం మొదలైన ఆ విచారణ అసలు ముగియనేలేదని చెప్పినప్పుడు, ఆ న్యాయస్థానాన్ని అప్పుడే చూసివచ్చిన మనకు ఆ మాట బరువు పూర్తిగా తెలుస్తుంది; మొదటి సీజన్‌లోనే మరణించిన నౌక భద్రతాధికారి టాషా యార్ మళ్లీ ఎదురైనప్పుడు గుండె కలుక్కుమంటుంది. అన్నిటికన్నా, తొలి కథలో సహచరులతో అంత బిగువుగా, దూరంగా మెలిగిన పికార్డ్ చివరికి వాళ్ల పేకాట బల్ల దగ్గరకు వచ్చి, ఈ పని ఎప్పుడో చేయవలసిందని అంటూ కూర్చునే దృశ్యం, ఆ దూరాన్ని కళ్లారా చూసినవారికే సంపూర్ణంగా అందుతుంది. నాకు అక్కడ ప్రతిసారీ కన్నీళ్లు వస్తాయి.