జామాయిల్ తోటలో కలప అంచనాకు డ్రోన్ ఫొటోలు: కొన్నేళ్లు వాడాక

ఖమ్మం వైపు జామాయిల్ తోట కోతకొస్తే వ్యాపారి గట్టు మీద నడిచి, నాలుగు చెట్లు చూసి, ఎకరానికి ఇన్ని టన్నులని తేల్చేస్తాడు. కాదనడానికి రైతు దగ్గర లెక్క ఉండదు. ఆ లెక్క కోసమే డ్రోన్‌తో ఫొటోలు తీసి, వెబ్‌ఓడీఎం అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలిపి చూడటం కొన్నేళ్లుగా చేస్తున్నాను.

చెట్లు లెక్కపెట్టడానికి దీన్ని మించింది లేదు. 3×2 మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి దాదాపు 670 మొక్కలు పడతాయి. వాటిలో ఎన్ని నిలిచాయో, ఎక్కడ నీరు నిలిచి వరసలు పోయాయో ఫొటోలో తేటగా తెలిసిపోతుంది.

ఎత్తు దగ్గరే చిక్కు. చెట్ల కొసల మట్టంలోంచి నేల మట్టం తీసేస్తే ఎత్తు రావాలి. కానీ ఆకు కమ్ముకున్న తోటలో కెమెరాకు నేల కనబడదు. కింది పొదలే నేలగా లెక్కలోకి వెళ్లి ఎత్తు తగ్గిపోతుంది. కోత అయ్యాక చేను ఖాళీగా ఉన్నప్పుడే ఒకసారి ఎగరేసి, ఆ నేల మట్టం దాచి పెట్టుకోవడం నాకు బాగా పనికొచ్చింది. తర్వాతి కోత దాకా అదే వాడుకోవచ్చు. అయితే బోరు దిమ్మె, కల్వర్టు లాంటి కదలని గుర్తులతో రెండు సర్వేలనూ సరిపోల్చాలి. లేదంటే జీపీఎస్‌లో ఉన్న మీటర్ల తేడా మొత్తం చెట్టు ఎత్తులో కలిసిపోతుంది. గాలి వీచే వేళ అసలు ఎగరేయొద్దు, కొసలు ఊగితే ఫొటోలు అతకవు.

ఇక కాండం చుట్టుకొలత ఫొటోలో దొరకదు. అంచనాను నిలబెట్టేదీ పడగొట్టేదీ అదే. ఎత్తులో 10 శాతం తేడా వస్తే ఘనపరిమాణంలోనూ అంతే తేడా వస్తుంది. చుట్టుకొలత మాత్రం లెక్కలో వర్గమై వస్తుంది కాబట్టి, అందులో 10 శాతం ఎక్కువ వేస్తే ఘనపరిమాణం 21 శాతం పెరిగిపోతుంది. అందుకే ఫొటో చూసి తోటను బాగా పెరిగిన చోటు, మధ్యస్థం, పలచన అని విడదీసి, ఒక్కోదాంట్లో కొన్ని నమూనా ప్లాట్లు (కొలవడానికి ఎంచుకున్న చిన్న ముక్కలు) వేసి, వాటిలోని చెట్లను 1.37 మీటర్ల ఎత్తులో, అంటే ఛాతీ మట్టంలో, టేపుతో కొలుస్తాను. మన దేశంలో 1965లో మొదలైన అటవీ వనరుల సర్వేలోనూ విమాన ఫొటోలతో అడవిని వర్గాలుగా విడదీసి, కొలతలు నేల మీదే తీసుకున్నారు.

మోడు నుంచి చిగిర్చిన రెండో పంటలో మాత్రం చెట్ల లెక్కను కూడా నమ్మలేం. ఒక్కో మోడుకు రెండు మూడు కాండాలుంటాయి, పైనుంచి ఒకటే గుబురుగా కనిపిస్తాయి. అక్కడ నమూనా ప్లాట్లు రెట్టింపు వేయాల్సిందే.

రెండు మూడెకరాల తోటకు టేపు చాలు, డ్రోన్ ఖర్చు దండగ. పక్కపక్క చేలవాళ్లు నలుగురు కలిసి అద్దెకు తెచ్చుకుంటే గిట్టుబాటవుతుంది. వ్యాపారితో బేరానికి కూర్చోకముందే ఈ పని పూర్తి చేసుకోండి.