విశాఖ తెన్నేటి పార్క్ కింద పిల్లల సీషోర్ వాక్ - మా రివ్యూ

సెకండ్ క్లాస్, థర్డ్ క్లాస్ పిల్లలకి పర్యావరణం గురించి ఎలా చెప్పాలా అనుకునేవాళ్ళు ఈ వాక్‌కి తప్పకుండా తీసుకెళ్ళండి. తెన్నేటి పార్క్ కింద రాళ్ళ దగ్గర, సముద్రం బాగా వెనక్కెళ్ళే టైం చూసి పెడతారు, అందుకే ప్రతి ఆదివారం ఉండదు, అమావాస్యకో పున్నమికో దగ్గర్లో ఉంటుంది. నీళ్ళు తగ్గేక రాళ్ళ గుంటల్లో ఏమేం మిగిలేయో చూపిస్తారు.

మా పాపకి బాగా నచ్చింది హెర్మిట్ క్రాబ్, అదే సన్యాసి పీత. దాని వెనక భాగం మెత్తగా ఉంటుంది, గట్టి డిప్ప ఉండదు, ఖాళీ నత్తగుల్లలో దూరి బతుకుతుంది, పెరిగేకొద్దీ ఇంకా పెద్దది వెతుక్కోవాలి. గైడ్ అమ్మాయి ఇదేం ముందే చెప్పలేదు, పిల్లల్ని గుంట చుట్టూ కదలకుండా కూర్చోబెట్టింది, కాసేపటికి గుల్ల లోంచి కాళ్ళు బయటికొచ్చి అది నడవడం మొదలెట్టింది, అప్పుడు అడిగింది "మనం గుల్లలన్నీ ఏరుకుని ఇంటికి పట్టుకెళ్ళిపోతే ఇదెక్కడుంటుంది?" అని. పిల్లలు జేబుల్లో ఉన్నవన్నీ తీసి అక్కడే పెట్టేసేరు, పెట్టమని ఎవరూ అనలేదు! గుల్ల దొరక్క ప్లాస్టిక్ మూతల్లో దూరే పీతలు కూడా ఉంటాయంటే మా పాప గబగబా తన వాటర్ బాటిల్ మూత ఉందో లేదో చూసుకుంది.

సుప్రీంకోర్టు 1991లోనే స్కూళ్ళలో పర్యావరణం తప్పనిసరిగా చెప్పాలంది, పుస్తకంలో పాఠాలూ ఉన్నాయి, కానీ ఏడేళ్ళ పిల్లకి "కాలుష్యం" అని రాయిస్తే స్పెల్లింగే గుర్తుంటుందండీ, ఈ పీత మాత్రం ఇంటికొచ్చేక తాతయ్యకి, పక్కింటి ఆంటీకి, అందరికీ చెప్పింది.

చివర్లో ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ళ గురించి చెప్పేరు, మన బీచ్‌ల్లోనే గుడ్లు పెడతాయి, ఫారెస్ట్ వాళ్ళు ఆ గుడ్లు తీసి హేచరీల్లో పెడతారు, గుడ్లలోంచి తాబేలు పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు, అవి వెలుతురు వైపు పాకుతాయి కాబట్టి బీచ్ రోడ్డు లైట్లకి దారి తప్పుతాయి. మంచి విషయమే గానీ అప్పటికి ఎండెక్కిపోయింది, హడావిడిగా ముగించేసేరు. దీన్ని ముందు పెట్టాలి.

ఇంకోటి, ఒక్క గైడ్‌కి పిల్లలు మరీ ఎక్కువమంది, వెనకున్నవాళ్ళకి గుంట కనపడలేదు. నిర్వాహకులు బ్యాచ్‌లు చిన్నవి చెయ్యాలి, ఇది సేఫ్టీ విషయం కూడా, రాళ్ళ మీద నాచు. చెప్పులు వద్దు, గ్రిప్ ఉన్న బూట్లు వెయ్యండి. ఐదేళ్ళ లోపు పిల్లలైతే ఇంకో ఏడాది ఆగండి, ఆ నాచు మీద ఎత్తుకుని నడవలేం.